చెన్నపురి విద్యుద్రైలు – తాంబరపు కళాశాల

కళాశాలల చరిత్రలు వ్రాయువారు స్థాపకులను గూర్చి, ప్రధానాచార్యులను గూర్చి, భవనములను గూర్చి, పేరుపొందిన విద్యార్థులను గూర్చి వ్రాయుదురు. రైలుమార్గముల చరిత్రలు వ్రాయువారు ఇంజనులను, వంతెనలను, మైళ్ళను లెక్కించి చెప్పుదురు. ఈ రెండు చరిత్రలను ఒకచోట చేర్చి చదువవలసిన సందర్భములు అరుదు. అట్టి సందర్భము చెన్నపట్టణమున ఒకటి కలదు. రేవు ప్రక్కనున్న బీచి స్టేషను మొదలుకొని నైరృతి దిశగా తాంబరము వరకు పోవు విద్యుద్రైలుమార్గ మొకటి. ఆ మార్గపు ఒక కొననుండి మరియొక కొనకు తరలిపోయిన మద్రాసు క్రిస్టియన్ కళాశాల యొకటి. 1931లో తాంబరమునకు విద్యుద్రైలు వచ్చెను. 1937లో కళాశాల వచ్చెను. దారి ముందు, విద్యాలయము తరువాత. ఈ ముందువెనుకలలో ఒక పాఠ మున్నదని మా తలంపు. ఆ పాఠమును విప్పి చెప్పుటయే నేటి మా ప్రసంగ విషయము.

ఇది పొరుగు రాష్ట్రపు ముచ్చట గదా, మనకేల యని శ్రోతలు కొందరు తలపవచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్ర మేర్పడువరకు చెన్నపట్టణము కోస్తా, రాయలసీమ జిల్లాల తెలుగువారికిని రాజధానియే. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వెలయువరకు ఆ జిల్లాల పట్టభద్రులలో పెక్కుమంది మద్రాసు విశ్వవిద్యాలయపు పట్టము పొందినవారే. బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు, కట్టమంచి రామలింగారెడ్డిగారు, సర్వేపల్లి రాధాకృష్ణపండితులు – ఈ మువ్వురును మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుకొనినవారు. ఒకరు మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. ఒకరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు తొలి ఉపాధ్యక్షులైరి. ఒకరు భారత రాష్ట్రపతి యైరి. అయితే వీరెవ్వరును చదువుకొనుటకై తాంబరమునకు పోలేదు. వారి కాలమున ఆ కళాశాల పట్టణపు నడిబొడ్డున ఉండెడిది.

1837లో స్కాట్లండు దేశపు మతాచార్యుడు జాన్ ఆండర్సన్ ఒక పాఠశాలను నెలకొల్పెను. అదియే ఈ కళాశాలకు మూలము. 1862లో వచ్చిన విలియం మిల్లరు దానిని పెంచి పెద్దచేసెను. 1877లో దానికి మద్రాసు క్రిస్టియన్ కళాశాల యను పేరు స్థిరపడెను. జార్జి టౌను అంచున, ఎస్ప్లనేడు వీథిలో, హైకోర్టు ప్రాంగణమున కెదురుగా దాని భవనములు బారులుతీరి యుండెడివి. ముందు న్యాయస్థానము, వెనుక వర్తకుల వీథులు, కొలది దూరమున ఓడరేవు. బండ్ల రొద, కూలీల కేకలు, బేరసారముల సందడి తరగతి గదుల కిటికీలలోనికి వచ్చుచుండెడివి. 1895లో ఆ పట్టణమున విద్యుత్ ట్రాము నడచుట ఆరంభమయ్యెను. మన దేశమున అదియే మొదటి విద్యుత్ ట్రాము. కావున మైలాపూరునుండియో పురసవాకమునుండియో కళాశాలకు వచ్చు విద్యార్థికి విద్యుచ్ఛక్తితో నడచు బండి క్రొత్త కాదు.

ఆ చోట సౌకర్యములు ఎన్ని యున్నను, చోటు మాత్రము లేదు. విద్యార్థుల సంఖ్య పెరిగెను, ప్రయోగశాలలు పెరుగవలసి వచ్చెను, ఆటస్థలము కావలెను, వసతిగృహములు కావలెను. వీథికిని వీథికిని నడుమ ఇరుకుకొనిన కళాశాల ఏ ప్రక్కకు జరుగగలదు? అంతకన్న పెద్ద చిక్కు మరియొకటి యుండెను. గురువులును శిష్యులును ఒకచోట కలసి బ్రతుకు విద్యాలయమును ఆ సంస్థవారు కోరిరి. సాయంకాలము గంట కొట్టగానే ఎవరిదారిని వారు పోవు కళాశాల పరీక్షలకు తయారుచేయగలదు గాని మనుష్యులను తీర్చిదిద్దజాలదని వారి యభిప్రాయము. దానికి విశాలమైన భూమి కావలెను. విశాలమైన భూమి పట్టణమున దొరకదు. పట్టణమునకు దూరముగా పోయినచో విద్యార్థులు ఎట్లు వత్తురు? ఈ ప్రశ్నకు సమాధానము కళాశాలవారి చేతిలో లేదు; రైలు కంపెనీవారి చేతిలో ఉండెను.

ఇప్పుడు కథను రైలుమార్గమువైపు త్రిప్పుదము.

చెన్నపట్టణమునుండి దక్షిణముగా చెంగల్పట్టు, విల్లుపురముల మీదుగా పోవు మీటరుగేజి మార్గము సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీవారిది. వారి ప్రధాన కార్యాలయము తిరుచిరాపల్లిలో ఉండెడిది. 1908లో వారు ఎగ్మూరునందు గొప్ప స్టేషను కట్టిరి. తంజావూరు, మధుర, తూత్తుకుడి పోవువారందరును అక్కడనే బండి యెక్కవలెను. ఆ దూరప్రయాణపు బండ్ల నడుమ సైదాపేట, పల్లావరము వంటి సమీప గ్రామములకు పోవు చిన్న బండ్లుకూడ ఆవిరి యింజనులతోనే నడచుచుండెను. పట్టణము దక్షిణముగా పెరుగసాగెను. 1920ల దశకమున మాంబళపు పెద్దచెరువును పూడ్చి త్యాగరాయనగరమును నిర్మించుట మొదలిడిరి. కచేరీలలో పనిచేయు గుమాస్తాలు, వకీళ్ళు, ఉపాధ్యాయులు అక్కడ ఇండ్లు కట్టుకొనిరి. వీరందరును ప్రతిదినమును ఉదయము ఉత్తరముగా కోటకు, రేవునకు పోవలెను. సాయంకాలము తిరిగి రావలెను.

ఇట్టి రాకపోకలకు ఆవిరి యింజను అనుకూలము కాదు. అది బరువైనది; కదలి వేగమందుకొనుటకు సమయము పట్టును. మైలునకో మైలున్నరకో ఒక స్టేషను ఉన్నచోట, వేగము పుంజుకొనునంతలోనే తిరిగి ఆగవలసి వచ్చును. తుదిస్టేషను చేరిన పిమ్మట ఇంజనును విడదీసి, రెండవ కొనకు తెచ్చి తగిలింపవలెను. మధ్యమధ్య నీరు పట్టవలెను, బొగ్గు నింపవలెను. విద్యుద్రైలునకు ఈ బాధలు లేవు. దానికి వేరుగా ఇంజను లేదు. మోటార్లు పెట్టెల క్రిందనే అమర్చబడి యుండును. పైనున్న తీగనుండి కరెంటు అందుకొని అవి చక్రములను త్రిప్పును. రెండు కొనలయందును డ్రైవరు గదులుండును గనుక తుదిస్టేషనులో బండి త్రిప్పు పని లేదు. డ్రైవరు ఒక కొననుండి దిగి రెండవ కొనకు నడచిపోయిన చాలును. ఆగిన వెంటనే కదలును. కదలిన వెంటనే వేగమందును. అందుచేత ఒక బండి వెనుక మరియొక బండిని త్వరత్వరగా నడుపవచ్చును.

మన దేశమున మొదటి విద్యుద్రైలు 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయి విక్టోరియా టెర్మినసునుండి కుర్లావరకు నడచెను. అది బ్రాడ్ గేజి మార్గము. పట్టాల నడిమి వెడల్పు 5½ అడుగులు. చెన్నపట్టణమున ఉన్నది మీటరుగేజి. వెడల్పు 3 అడుగుల 3 అంగుళములకు కొంచెము మించి మాత్రమే. ఈ సన్నని పట్టాలపై విద్యుద్రైలును నడుపుట మన దేశమున అదియే మొదలు. బీచి స్టేషనును, ఎగ్మూరు స్టేషనును క్రొత్తరీతిని సవరించిరి. తాంబరమున తుదిస్టేషను నిర్మించిరి. బొంబాయిలోవలెనే 1500 వోల్టుల డైరెక్టు కరెంటును పై తీగకు పంపు ఏర్పాటు చేసిరి. 1931 ఏప్రిల్ 2వ తేదీన మద్రాసు గవర్నరు సర్ జార్జి ఫ్రెడరిక్ స్టాన్లీ ఈ మార్గమును ప్రారంభించెను. మే 11వ తేదీనుండి ప్రజలకు బండ్లు నడచుట ఆరంభమయ్యెను. మార్గపు పొడవు సుమారు 18 మైళ్ళు, అనగా 29 కిలోమీటర్లు.

ఆనాటి తాంబర మెట్టిది? అక్కడకు పోవువాడు ప్రధానముగా ఆరోగ్యము కోరి పోవువాడు. గాలి మంచిదని, నేల మెరకయని 1928లో చౌరీ ముత్తు అను వైద్యుడు అక్కడ క్షయరోగులకు ఒక ఆరోగ్యాశ్రమము నెలకొల్పెను. నేటికిని ఆ స్టేషనునకు తాంబరం సానటోరియం అను పేరే నిలిచియున్నది. దాని కావల పొదలు, ముళ్ళచెట్లు, గుట్టలు, సేలయ్యూరు అడవి. పట్టణమును చూచినవారికి అది అడవియే. కాని విద్యుద్రైలు వచ్చిన పిమ్మట సుమారొక గంటలో పట్టణమునుండి చేరదగిన అడవి. ఈ భేదమే సర్వమును మార్చినది.

మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు ఇక్కడ సుమారు 365 ఎకరముల భూమి లభించెను. అప్పటి ప్రధానాచార్యుడు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్. రాధాకృష్ణపండితులకు విద్యార్థి దశలో తత్త్వశాస్త్రము బోధించిన ఆచార్యుడీయనయే. 1937 జనవరి 30వ తేదీన గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు నూతన ప్రాంగణమును ప్రారంభించెను. నూరేండ్ల క్రిందట ఆండర్సన్ పాఠశాల మొదలైన జార్జి టౌను బీచి స్టేషను చెంతనే యున్నది. నూరేండ్లు నిండిన సంవత్సరమున కళాశాల తాంబరము స్టేషనునకు తూర్పున కాలుపెట్టెను. రైలుమార్గపు పటమును విప్పి చూచినచో, ఆ విద్యాలయపు శతవార్షిక ప్రయాణమంతయు ఆ ఒక్క గీతమీద కానవచ్చును.

ప్రాంగణములో సేలయ్యూరు హాలు, సెయింట్ థామస్ హాలు, బిషప్ హీబర్ హాలు అను వసతిగృహములను కట్టిరి. ఇవి భోజనమునకును నిద్రకును మాత్రమే యేర్పడినవి కావు. ఒక్కొక్క హాలు ఒక చిన్న కుటుంబమువలె నడువవలెనని ఉద్దేశము. ఇంటినుండి రైలులో వచ్చి పోవు విద్యార్థులనుకూడ ఏదో యొక హాలునకు అనుబంధముగా చేర్చుకొను పద్ధతి యేర్పడెను. ఈ చిన్న యేర్పాటును మేము చాల విలువైనదిగా ఎంచుచున్నాము. అడవిలోని విద్యాలయము అడవిలో నివసించువారికే గాక, సాయంకాలపు బండికి ఇల్లు చేరవలసినవానికిని సొంతమే యని దాని యర్థము.

ఆ ప్రాంగణపు చెట్ల కథయు చెప్పదగినది. ఎడ్వర్డ్ బార్న్స్ అను ఆచార్యుడు వృత్తికి రసాయనశాస్త్రజ్ఞుడు, అభిరుచికి వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయనయు, ఆయన భార్య ఆలిస్ బార్న్స్ గారును ఆ ముండ్లపొదల నేలలో అనేక జాతుల చెట్లు నాటించి పెంచిరి. బార్న్స్ 1941లో గతించెను. ఆయన నాటిన నీడ మిగిలెను. పట్టణము నేడు తాంబరమును దాటి దూరముగా వ్యాపించినను, ఆ ప్రాంగణము మాత్రము వనముగనే నిలిచియున్నది. అక్కడి జింకలను, పక్షులను చూచుటకు ప్రకృతి ప్రియులు ఇప్పటికిని పోవుచుందురు.

1938 డిసెంబరులో ప్రపంచపు నలుమూలలనుండి వచ్చిన క్రైస్తవ ప్రతినిధులు ఈ ప్రాంగణముననే మహాసభ జరిపిరి. ఇంకను తడి యారని క్రొత్త భవనములు వారికి విడిదియయ్యెను. ఏడేండ్ల క్రిందట ఒక లోకల్ బండి తుదిస్టేషనుగా పటమున కెక్కిన ఊరి పేరు దేశదేశముల పుస్తకములలో ‘తాంబరము మహాసభ’గా నిలిచిపోయెను.

ఇక్కడ ఒక సందేహము పుట్టవచ్చును. విద్యుద్రైలు లేకున్నచో కళాశాల తాంబరమునకు పోయి యుండెడిది కాదా? అట్లని చెప్పుట సాహసము. పట్టణమును విడువవలెనను ఆలోచన తీగలు వేయుటకు ముందుగనే ఆ సంస్థలో మొలకెత్తియుండెను. కాని పోవుట వేరు, పోయి బ్రతుకుట వేరు. ఏకాంతమును కోరి ఊరు విడిచిన విద్యాలయములు కొన్ని క్రమముగా ఏకాకులైనవి. అక్కడ వసతిగృహపు ఖర్చు భరింపగలవానికే చదువు, ఊరిలోని పేదవానికి ఆ ద్వారము మూతపడును. తాంబరమున ఆ ప్రమాదమును చాలవరకు తగ్గించినది రైలు. మాంబళములో తండ్రియింట నుండు బాలుడు నెలవారీ సీజను టిక్కెట్టుతో కళాశాలకు పోగలిగెను. హాలులో నుండు విద్యార్థి సభకో, సంగీత కచేరికో, గ్రంథాలయమునకో పట్టణమునకు వచ్చి రాత్రికి తిరిగి పోగలిగెను. కళాశాల ఏకాంతము కోరెను. రైలు దానిని ఏకాకిని కానీయలేదు.

ఈ మార్పునకు వెల లేకపోలేదు. జార్జి టౌనులో కాలినడకను కళాశాలకు వచ్చు విద్యార్థికి ఆ భాగ్యము పోయెను. అతనికి ఇప్పుడు రానుపోను 36 మైళ్ళ ప్రయాణము, టిక్కెట్టు ఖర్చు, రెండు గంటల కాలము. ఆ రెండు గంటలలో పాఠము చదువుకొనువాడు చదువుకొనును, కునుకు తీయువాడు తీయును. కాని కాలము కాలమే. విద్యాలయము స్థలము మార్చినపుడు ఎవరికో దగ్గరయగును, ఎవరికో దూరమగును. ఆ దూరపు భారమును తగ్గించుట విద్యాలయపు బాధ్యతయా, రైలుబండి బాధ్యతయా యన్నది నేటికిని అన్ని నగరములలో వినవచ్చు ప్రశ్నయే.

తాంబరము ఒక్కటియే కాదు. బీచినుండి బయలుదేరి స్టేషనుల పేర్లు వరుసగా చదివినచో అది విద్యాలయముల పట్టికవలె వినిపించును. కోట స్టేషను దాపున ఒకప్పుడు న్యాయ కళాశాల. పార్కు స్టేషను దాపున వైద్య కళాశాల. చేత్‌పట్టున 1940లో తరలివచ్చిన పచ్చయప్ప కళాశాల. నుంగంబాకమున 1925లో వెలసిన లయోలా కళాశాల. కోడంబాకము చలనచిత్రములకు పాఠశాల. మన తెలుగు నటులు, రచయితలు, గాయకులు ఎందరో అక్కడనే తమ విద్య చూపిరి. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల; ఒకప్పుడు ఎల్.టి. పట్టమునకై తెలుగు ఉపాధ్యాయులు అక్కడకు పోయెడివారు. గిండీకి 1920లో తరలిన ఇంజనీరింగు కళాశాల. 1959 నుండి దాని సమీపముననే ఐ.ఐ.టి. క్రోంపేటలో 1949లో సి. రాజం గారు స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. తరువాతి కాలమున రాష్ట్రపతియైన అబ్దుల్ కలాంగారు అక్కడ విమాన శాస్త్రము చదివిరి. వీటిలో కొన్ని విద్యుద్రైలునకు ముందే పుట్టినవి, కొన్ని తరువాత వచ్చినవి. కాని ఉదయపు బండిలో న్యాయము చదువువాడును, వైద్యము చదువువాడును, యంత్రవిద్య చదువువాడును ఒకే బెంచీమీద ప్రక్కప్రక్కన కూర్చుండునట్లు చేసినది ఈ మార్గమే. అట్టి సహవాసము ఏ విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమములోను లేదు.

తరువాతి కథను త్వరగా చెప్పుదము. 1951 ఏప్రిల్ 14వ తేదీన సౌత్ ఇండియన్ రైల్వే దక్షిణ రైల్వేలో లీనమయ్యెను. 1953లో పట్టణపు ట్రాములు ఆగిపోయెను. దానితో లోకల్ బండిపై భారము మరింత పెరిగెను. 1967 జనవరి 15వ తేదీన 1500 వోల్టుల డైరెక్టు కరెంటును తొలగించి 25,000 వోల్టుల ఆల్టర్నేటింగు కరెంటును ప్రవేశపెట్టిరి. విద్యుత్ తీగ తాంబరమును దాటి దక్షిణముగా సాగెను. తుదకు మీటరుగేజికే కాలము చెల్లెను. దేశమంతటను ఒకే కొలత పట్టాలు ఉండవలెనని ప్రభుత్వము నిశ్చయించిన పిమ్మట ఇక్కడకూడ బ్రాడ్ గేజి పట్టాలు పడెను. 2004 జూలై 1వ తేదీన బీచి–తాంబరము మార్గమున చివరి మీటరుగేజి లోకల్ నడచెను. డెబ్బదిమూడేండ్లు జనులను మోసిన సన్నని పట్టాలు తొలగిపోయెను. కాని మార్గము అదియే, స్టేషనులు అవియే. నేడు బండ్లు చెంగల్పట్టు వరకు పోవుచున్నవి. తాంబరమున దిగి తూర్పునకు నడచు విద్యార్థులు నేటికిని దిగుచున్నారు.

ఇక మన నగరమునకు వత్తము. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో ప్రారంభమయ్యెను. ఆ ప్రాంతమున మీటరుగేజి రైలుమార్గము అంతకు ముందునుండియే కలదు. కాని రైలు ప్రక్కనుండి పోవుట వేరు, విద్యార్థికై ఆగుట వేరు. 2003లో ఎమ్.ఎమ్.టి.ఎస్. అను పేరుతో లోకల్ విద్యుద్రైళ్ళు ఆరంభమయ్యెను. సికింద్రాబాదునుండి ఫలక్‌నుమా పోవు ఆ బండి ఆర్ట్స్ కాలేజి, జామై ఉస్మానియా, విద్యానగర్ స్టేషనులలో ఆగును. భవనము వెలసిన అరువదియేండ్లు దాటిన పిమ్మట ఆ ప్రాంగణమునకు విద్యుద్రైలు వచ్చెను. చెన్నపట్టణముననే సముద్రపుటొడ్డున నున్న ప్రెసిడెన్సీ కళాశాల 1840 నాటిది. దాని చెంతనున్న చేపాక్కమునకు వంతెన రైలు వచ్చినది 1995లో. అక్కడను దీర్ఘ నిరీక్షణయే. ఈ రెండు కథలలోను విద్యాలయము ముందు, దారి తరువాత. తాంబరమున మాత్రము క్రమము తలక్రిందులయ్యెను.

అందుచేతనే ఆ చిన్న మార్గపు చరిత్ర మాకు పెద్దదిగా తోచుచున్నది. మన రాష్ట్రములలో నేడు విద్యాలయములు నగరములను విడిచి దూరపు మెరకలకు, బీళ్ళకు పోవుచున్నవి. భూమి చూచుచున్నారు, భవనముల నమూనాలు గీయుచున్నారు; విద్యార్థి ఏ బండిలో వచ్చును, ఎంత ఖర్చుతో వచ్చును, రాత్రి ఎట్లు ఇల్లు చేరును అను ప్రశ్న కడపటికి మిగులుచున్నది. తాంబరమున ఈ ప్రశ్నకు సమాధానము పునాదిరాయికి ముందే తీగగా వ్రేలాడుచుండెను. ఇట్లు కుదురుట యాదృచ్ఛికమే కావచ్చును. రైలు కంపెనీవారు కళాశాలకై తీగలు వేయలేదు, గుమాస్తాలకై వేసిరి. కాని యాదృచ్ఛికముగా జరిగిన మేలును చూచి, తరువాతివారు తెలిసి చేయుటకే గదా చరిత్ర చదువుకొనుట. కళాశాలకు శంకుస్థాపన చేయబోవువారు ఆ దినమున ఒక్క పని చేయుదురుగాక: నగరపు నడిబొడ్డునుండి పేదవిద్యార్థి కొనగల టిక్కెట్టుతో ఆ స్థలమునకు వచ్చి చూతురుగాక. రాగలిగినచో రాయి వేయవచ్చును.